చిన్న వ్యవసాయ యంత్రాల స్టార్టింగ్ బ్యాటరీకి తగిన ఛార్జరు ఎంపిక

వరి నాటు యంత్రం, పవర్ టిల్లరు, మినీ ట్రాక్టరు వంటి యంత్రాలు ఏడాదిలో కొంతకాలం మాత్రమే పొలంలో పనిచేసి, మిగిలిన కాలమంతా షెడ్డులోనే ఉంటాయి. ట్రేలలో పెంచిన నారు 15–18 రోజుల వయసుకు చేరి, నాట్లకు యంత్రాన్ని బయటకు తీసినప్పుడు సెల్ఫ్ స్టార్టరు పనిచేయకపోతే నష్టం బ్యాటరీ ధరతో ఆగదు. నారు ముదిరితే యంత్రంతో నాటడానికి అనువుగా ఉండదు. ఇలాంటి సందర్భాలలో బ్యాటరీ నాసిరకమని భావించి కొత్తది కొనడం పరిపాటి. అయితే ఖాళీగా ఉన్న నెలలలో ఛార్జింగు లోపించడం గాని, తగని ఛార్జరు వాడటం గాని చాలాసార్లు అసలు కారణమవుతుంది.

బ్యాటరీ ఎందుకు చెడిపోతుంది?

స్టార్టింగ్ బ్యాటరీలో పలుచని పలకలు అధిక సంఖ్యలో ఉంటాయి. ఇవి కొద్ది సెకన్లపాటు పెద్ద కరెంటు ఇవ్వడానికి ఉద్దేశించినవి. పూర్తిగా ఖాళీ కావడాన్ని తట్టుకోలేవు. ఇంజను ప్రారంభించడానికి 100 ఆంపియర్ల కరెంటు 3 సెకన్లు తీసుకున్నా ఖర్చయ్యేది 0.1 ఆంపియర్-గంట కంటే తక్కువే. కాని వాడకుండా ఉంచిన సీసపు ఆమ్ల బ్యాటరీ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నెలకు సుమారు 3–5 శాతం ఛార్జిని తనంతట తానే కోల్పోతుంది. 32 ఆంపియర్-గంటల బ్యాటరీలో 5 శాతం అంటే 1.6 ఆంపియర్-గంటలు. అంటే ఒక నెల ఖాళీగా ఉండటం సుమారు 19 సార్లు ఇంజను ప్రారంభించడంతో సమానం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ నష్టం దాదాపు రెట్టింపవుతుంది. కనుక రేకుల షెడ్డులో వేసవి గడిపిన బ్యాటరీ మరింత త్వరగా ఖాళీ అవుతుంది.

ఛార్జి తక్కువగా ఉన్న స్థితిలో పలకలపై ఏర్పడిన సీసపు సల్ఫేటు క్రమేణా గట్టి స్ఫటికాలుగా మారుతుంది. దీనినే సల్ఫేషన్ అంటారు. బాగా ముదిరిన సల్ఫేషన్‌ను ఏ ఛార్జరూ పూర్తిగా తొలగించలేదు.

వేగం కాదు, వోల్టేజి ప్రధానం

ఛార్జరు కొనేటప్పుడు ఎక్కువ ఆంపియర్లు ఇచ్చేదే మేలైనదనే అభిప్రాయం ఉంది. చిన్న బ్యాటరీ విషయంలో ఇది పొరపాటు. ఛార్జింగు కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఉండటం సురక్షితమైన సాధారణ నియమం. ఈ లెక్కన 9 ఆంపియర్-గంటల బ్యాటరీకి సుమారు 0.9 ఆంపియర్లు, 32 ఆంపియర్-గంటల బ్యాటరీకి సుమారు 3 ఆంపియర్లు సరిపోతాయి. సగం ఖాళీ అయిన 32 ఆంపియర్-గంటల బ్యాటరీకి 16 ఆంపియర్-గంటలు తిరిగి చేరాలి. నష్టాలకు 20 శాతం కలిపితే సుమారు 19 అవుతుంది. 3 ఆంపియర్ల ఛార్జరుకు ఆరున్నర గంటలు పడుతుంది. చివరి దశలో కరెంటు తగ్గుతుంది కనుక మరికొంత సమయం అవసరమవుతుంది.

కరెంటు కంటే ముఖ్యమైనది వోల్టేజి పరిమితి. నియంత్రణ లేని పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరు బ్యాటరీ నిండిన తర్వాత కూడా కరెంటును పంపుతూనే ఉంటుంది. అప్పుడు నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి, పలకలు బయటపడి దెబ్బతింటాయి. సీలు చేసిన బ్యాటరీలలో ఇలా పోయిన నీటిని తిరిగి నింపే అవకాశమే లేదు.

మూడు దశల ఆటోమేటిక్ ఛార్జరు ఈ లోపాన్ని నివారిస్తుంది. మొదటి దశలో స్థిరమైన కరెంటు ఇస్తుంది. రెండో దశలో వోల్టేజిని 14.4 ప్రాంతంలో నిలిపి, కరెంటును క్రమంగా తగ్గిస్తుంది. మూడో దశలో 13.5–13.8 వోల్టులకు దిగి, స్వయంగా తగ్గే ఛార్జిని మాత్రమే భర్తీ చేస్తుంది. నెలల తరబడి నిలిపి ఉంచే యంత్రాలకు ఈ మూడో దశ అత్యవసరం.

బ్యాటరీ రకాన్ని బట్టి ఎంపిక

నీరు పోసే బ్యాటరీలకు, ఎ.జి.ఎం. రకానికి, జెల్ రకానికి వోల్టేజి పరిమితులు కొంత భిన్నంగా ఉంటాయి. బ్యాటరీపై తయారీదారు ముద్రించిన విలువనే ప్రమాణంగా తీసుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి దాని కోసమే రూపొందించిన ఛార్జరు వాడాలి. సల్ఫేషన్ తొలగించే విధానం ఉన్న ఛార్జరుతో దానిని ఛార్జి చేయరాదు.

ఉష్ణోగ్రతకు తగినట్లు వోల్టేజిని సవరించుకునే ఛార్జరు తెలుగు రాష్ట్రాల వేసవికి మేలు. 12 వోల్టుల సీసపు ఆమ్ల బ్యాటరీకి ప్రతి డిగ్రీకి సుమారు 0.02 వోల్టు తగ్గించాలి. 25 డిగ్రీల వద్ద 14.4 వోల్టులు తగినదైతే, 40 డిగ్రీల వద్ద 14.1 వోల్టులు చాలు.

విద్యుత్తు సౌకర్యం లేని షెడ్డులో చిన్న సౌర ఫలకం ఉపయోగపడుతుంది. అయితే 12 వోల్టుల ఫలకం ఎండలో లోడు లేనప్పుడు సుమారు 20 వోల్టుల వరకు చూపుతుంది. అందువల్ల ఛార్జ్ కంట్రోలరు లేకుండా నేరుగా కలపరాదు.

పరిశీలన, జాగ్రత్తలు

ఛార్జింగు ఆపి కొన్ని గంటలు వదిలిన తర్వాత మల్టీమీటరుతో కొలవాలి. నీరు పోసే బ్యాటరీలో 12.6 వోల్టులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది నిండినట్లు, 12.2 ఉంటే సుమారు సగం. 12.4 కంటే తగ్గకముందే తిరిగి ఛార్జి చేయాలి. బాగా ఖాళీ అయిన బ్యాటరీని కొన్ని ఆటోమేటిక్ ఛార్జర్లు గుర్తించవు. అలాంటప్పుడు ఛార్జరు చెడిందని నిర్ణయించే ముందు బ్యాటరీ వోల్టేజిని పరీక్షించాలి.

హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే మండగలదు. కనుక గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా ఛార్జి చేయాలి. క్లిప్పులు బిగించిన తర్వాతే ఛార్జరు స్విచ్చి వేయాలి. స్విచ్చి ఆపిన తర్వాతే క్లిప్పులు తీయాలి. నీరు పోసే రకంలో పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు అద్దె కేంద్రాల శిక్షణలో ఒక చిన్న పరీక్షను చేసి చూపవచ్చు. ఛార్జరు తగిలించిన నిండు బ్యాటరీ టెర్మినళ్ల వద్ద వోల్టేజిని కొలవాలి. అది 13.5–13.8 వద్ద నిలిస్తే ఆ ఛార్జరును యంత్రానికి తగిలించి ఉంచవచ్చు. 15 వోల్టులు దాటి పెరుగుతూ ఉంటే, అది ఎంత చవకైనదైనా, నాట్ల నాటికి బ్యాటరీని ఖర్చుగా మిగిల్చే ఛార్జరే.