బుగ్గ కణాలతో మూత్రమార్గ చికిత్స

మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండి పట్టణానికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాల వలస తరతరాల నాటిది. అక్కడి పద్మానగర్‌లో నేటికీ తెలుగు మాటే ముందు వినిపిస్తుంది. మరమగ్గాలను కార్మికులు సాంచాలంటారు. వాటి నడుమ పన్నెండు గంటల పాళీ నిలబడి పనిచేసి, భిస్సీలో తిని, పదిమంది పంచుకునే గదిలో పడుకునే మగవారికి కొన్ని జబ్బులు చెప్పుకోదగినవి, మరికొన్ని చెప్పుకోరానివి. దగ్గు, నడుము నొప్పి మొదటి రకం. మూత్రం ధార సన్నబడి, చుక్కలు చుక్కలుగా రావడం రెండవ రకం. ఊరిలో ఉన్న భార్యకు కూడా ఆ మాట చేరదు. చేరేసరికి తరచుగా అప్పు, ఆసుపత్రి రెండూ ఒకేసారి వస్తాయి.

మూత్రాశయం నుండి మూత్రం బయటకు వచ్చే దారిని మూత్రమార్గం అంటారు. దాని లోపలి పొరకు గాయమైనపుడు మానే క్రమంలో గట్టి మచ్చ ఏర్పడి దారిని ఇరుకు చేస్తుంది. వైద్యులు దీనినే స్ట్రిక్చర్ అంటారు. కాళ్ళు చెరోపక్క పడేలా దూలం మీదో, సైకిల్ కడ్డీ మీదో పడటం, రోడ్డు ప్రమాదంలో కటి ఎముక విరగడం, మూత్రపు గొట్టం మోటుగా వేయడం, గనేరియా వంటి అంటువ్యాధులు, చర్మాన్ని తెల్లగా బిగదీసే ఒక వ్యాధి దీనికి ముఖ్య కారణాలు. చాలామందిలో కారణమేదో తేలదు కూడా. ఎక్కువసేపు ముక్కవలసి రావడం, మూత్రం పూర్తిగా రాలేదనిపించడం, మాటిమాటికి మూత్రంలో చీము, మంట రావడం దీని లక్షణాలు. ఒక్కసారిగా మూత్రం పూర్తిగా ఆగిపోతే అది గంటలలో చూడవలసిన అత్యవసర స్థితి. ఏళ్ళ తరబడి నిర్లక్ష్యం చేస్తే మూత్రపిండాలు సైతం దెబ్బతింటాయి.

దీనికి పాత చికిత్స కడ్డీలతో దారిని సాగదీయడం. తరువాత వచ్చినది దూరదర్శిని వంటి సన్నని గొట్టాన్ని లోనికి పంపి, మచ్చను కంటితో చూస్తూ కోయడం. బయట కోత ఉండదు, ఒకటి రెండు రోజులలో ఇంటికి పంపుతారు. చిన్న శస్త్రచికిత్స అన్న పేరు దీనికి తగినదే. అయితే కోసిన చోట పచ్చిపుండు మిగులుతుంది, ఆ పుండు మళ్ళీ మచ్చగానే మానవచ్చు. మొదటిసారి కోతతో బాగుపడినవారు బాగుపడగా, తిరగబెట్టిన వారికి రెండోసారి, మూడోసారి అదే కోత కోస్తూ పోతే ప్రయోజనం తగ్గిపోతుంది. ఖర్చు మాత్రం ప్రతిసారీ మొదటిసారిలాగే ఉంటుంది.

శాశ్వత పరిష్కారానికి దగ్గరగా ఉన్నది మూత్రమార్గ పునర్నిర్మాణం. రోగి బుగ్గ లోపలి పొరను కొంత తీసి ఇరుకైన చోట అతికి దారిని వెడల్పు చేస్తారు. బుగ్గ పొరకు వెంట్రుకలు ఉండవు, ఎప్పుడూ తడిలో ఉండటం దానికి అలవాటు, కొత్త చోట త్వరగా నాటుకుంటుంది. ఈ రంగంలో పుణే నగరం ప్రపంచానికి తెలిసిన కేంద్రం. అక్కడి శస్త్రవైద్యుడు సంజయ్ కులకర్ణి, ఇటలీకి చెందిన బార్బాగ్లీ తదితరులతో కలసి 2009లో ఒక కొత్త పద్ధతిని ప్రచురించారు. మూత్రమార్గాన్ని ఒకవైపు నుండి మాత్రమే విడదీసి, రెండవ వైపు రక్తనాళాలను, నరాలను కదపకుండా పొరను అతకడం ఆ పద్ధతిలోని మెలకువ.

ఇక్కడ మగ్గం కార్మికునికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. రాత్రి పాళీలో నిద్ర రాకుండా ఉండటానికి ఎందరో పొగాకునో, గుట్కానో దవడన పెట్టుకుంటారు. మహారాష్ట్రలో 2012 జూలైలో గుట్కాను నిషేధించినా అలవాటు పోలేదు. ఏళ్ళ తరబడి నమిలినవారి బుగ్గ లోపలి పొర బిరుసెక్కి తెల్లబడుతుంది, కొందరికి నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోదు. అటువంటి పొర మరో చోట అతకడానికి పనికిరాకపోవచ్చు. అప్పుడు వైద్యులు నాలుక కింది పొరనో, మరో చోటి చర్మాన్నో వెతకవలసి వస్తుంది. మూత్రపు జబ్బుకు వెళ్ళినవానిని ముందు నోరు తెరవమనడం చూసి విస్తుపోయే రోగులకు కారణం ఇదే.

పెద్ద ముక్క తీయకుండా, చిన్న ముక్కలోని కణాలనే ప్రయోగశాలలో పెంచి వాడలేమా అన్న ప్రశ్న ఇక్కడినుండే పుట్టింది. దానికి జవాబు వెతికినవారిలో మన హైదరాబాద్ వైద్యులున్నారు. యశోద ఆసుపత్రి యూరాలజీ వైద్యుడు వడ్డి సూర్యప్రకాశ్, చెన్నైలోని నిచి-ఇన్ పునరుత్పత్తి వైద్య కేంద్రానికి చెందిన శామ్యూల్ అబ్రహాం తదితరులు చేసిన ప్రయత్నం 2019లో అంతర్జాతీయ యూరాలజీ పత్రికలో వెలువడింది. రోగి బుగ్గ నుండి చిన్న ముక్క తీసి చెన్నైకి పంపారు. అక్కడ కణాలను పెంచి, ఒక ప్రత్యేకమైన జిగురు పదార్థంలో కలిపి వెనక్కు తెచ్చారు. ఆ పదార్థం చల్లగా ఉన్నంతసేపు నీరులా పారుతుంది, వెచ్చదనం తగలగానే గడ్డకడుతుంది. నెయ్యి స్వభావానికి ఇది పూర్తిగా తలకిందులు. గొట్టం ద్వారా మచ్చను కోసిన వెంటనే ఆ పచ్చిపుండు మీద కణాలు కలిపిన ఈ పదార్థాన్ని నింపారు. మచ్చ తిరిగి పుట్టకముందే కొత్త పొర పుండును కప్పుకోవాలన్నది ఉద్దేశం. అంటే చేసినది పాత చిన్న శస్త్రచికిత్సే. కలిపినది కణాలు.

ఈ విధంగా చికిత్స పొందినవారు ఆరుగురు. ఆరు నెలల తరువాత మూత్రధార వేగం సగటున సెకనుకు 24 మిల్లీలీటర్లుగా నమోదైంది. మామూలు పురుషునిలో 15కు పైన ఉంటే చాలునంటారు. అయితే ఇద్దరికి 18, 24 నెలలలో ఇరుకు తిరగబెట్టింది. నలుగురికి మూడేళ్ళ వరకు దారి తెరచే ఉన్నది. ఆశ కలిగించే ఫలితమే గాని, ఆరుగురిని చూసి ఆరువేల మందికి చెప్పరాదు. కణాలు లేకుండా ఉత్త కోత మాత్రమే పొందిన మరో బృందంతో పోల్చి చూడనిదే కణాలు చేసిన మేలు ఎంతో తేలదు.

ఇతర దేశాల అనుభవమూ మిశ్రమమే. మెక్సికోలో అయిదుగురు బాలురకు వారి సొంత మూత్రాశయ కణాలతో పెంచిన మూత్రమార్గాలను అమర్చగా అవి ఏళ్ళ తరబడి పనిచేశాయని 2011లో ప్రకటించారు. ఇంగ్లండులోని షెఫీల్డ్ వైద్యులు ప్రయోగశాలలో పెంచిన బుగ్గ పొరను అయిదుగురికి అతికితే, అది ముడుచుకుపోయి ఇద్దరికి కొంతో, మొత్తమో తీసివేయవలసి వచ్చింది. జర్మనీలో 99 మందిపై చేసిన పరిశీలనలో ఏడాదికి 67 శాతం, రెండేళ్ళకు 58 శాతం మందికి దారి నిలిచింది. అనుభవజ్ఞుల చేతిలో మామూలు బుగ్గ పొర పునర్నిర్మాణం ఇంతకంటే మెరుగైన ఫలితాన్నే ఇస్తుంది.

తప్పుదారి పట్టిన ఉదంతం కూడా ఒకటున్నది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో మూత్రం ఆపుకోలేని స్త్రీలకు వారి కండర కణాలతో చికిత్స చేసి అద్భుత ఫలితాలు సాధించామన్న వ్యాసం 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ప్రభుత్వ తనిఖీలో ఆ పరిశోధన నిర్వహణలోనే తీవ్ర లోపాలు బయటపడ్డాయి. 2008లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నది. ప్రపంచమంతా చదివే పత్రికకే ఆ పరిస్థితి వస్తే, గోడమీది ప్రకటన మాట చెప్పనవసరం లేదు.

మూలకణాలతో అన్నీ నయమన్న ప్రకటనలు నమ్మి పొలం తాకట్టు పెట్టబోయే కుటుంబాలు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో వాడినవి మూలకణాలు కావు, పెరిగిన బుగ్గ కణాలు. రెండింటినీ ఒకే పేరుతో అమ్మజూపేవారిని అక్కడే అనుమానించవచ్చు. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో కొన్ని రక్తసంబంధ వ్యాధులకు చేసే ఎముక మూలుగ మార్పిడి వంటివి తప్ప మూలకణాల వాడకమంతా పరిశోధనే. అది అనుమతి పొందిన ప్రయోగంగానే జరగాలి. పాల్గొన్న రోగి నుండి సొమ్ము తీసుకోరాదు. ప్రయోగమైతే దానికి జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్య అడగవచ్చు. సమ్మతి పత్రాన్ని రోగికి అర్థమయ్యే భాషలో వివరించాలి. మరాఠీలోనో, ఇంగ్లీషులోనో ఉన్న కాగితం మీద అర్థం కాకుండా వేలిముద్ర వేయనవసరం లేదు.

ఇక నేడు అందుబాటులో ఉన్న చికిత్స మాట. భివండిలోని ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రిలో మొదటి పరీక్షలు చేయించుకోవచ్చు. పెద్ద శస్త్రచికిత్సకు ముంబైలోని కె.ఇ.ఎం., సయన్, నాయర్ ఆసుపత్రులకు వెళ్ళవలసి ఉంటుంది. మహాత్మా జ్యోతిరావ్ ఫులే ఆరోగ్య పథకానికి మహారాష్ట్ర నివాసపు ఆధారం కావాలి. రేషన్ కార్డు ఊరిలోనే ఉంచుకున్న కార్మికుడు అక్కడ వెనుదిరగవలసి రావచ్చు. అటువంటివారికి తెలంగాణ ఆరోగ్యశ్రీయే దారి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగా కలిసి, ఈ శస్త్రచికిత్స అక్కడ జరుగుతుందో లేదో అడిగి రావడం మంచిది.

పునర్నిర్మాణం తరువాత దాదాపు మూడు వారాలు గొట్టం ఉంటుంది. బరువులు ఎత్తరాదు, కొంతకాలం సైకిల్ ఎక్కరాదు. ఆడించిన మగ్గానికే కూలి గనుక ఆ రోజులకు ఆదాయం ఉండదు. అందుకే చాలామందికి భివండి గదిలో కంటే ఊరిలో ఇంటివారి దగ్గర కోలుకోవడం తేలిక. కల్యాణ్‌లో రైలెక్కే ముందు రంగు మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే, ధార వేగం చూపే కాగితం, ఇంతకుముందు ఎన్నిసార్లు కోశారో తెలిపే డిశ్చార్జి పత్రాలు సంచిలో పెట్టుకోవాలి. కొత్త వైద్యుడు మొదట అడిగేవి అవే.