‘మిస్సమ్మ’ చిత్రంలో నాయికానాయకుల అన్యోన్యాభినయం – ఒక పరిశీలన

సినీవిమర్శలో ‘కెమిస్ట్రీ’ అనే మాట నేడు విరివిగా వినబడుతున్నది. తెరపై ఒక జంట నడుమ కలిగే ఆకర్షణను ఆ నటుల సహజగుణంగా భావించడం పరిపాటి. ఈ భావనను పరీక్షించడానికి ఎన్.టి.రామారావు, సావిత్రి జంట మంచి ఆధారం. 1962లోనే వీరు ‘గుండమ్మ కథ’లో దంపతులుగా, ‘రక్తసంబంధం’లో అన్నాచెల్లెళ్లుగా నటించారు. ప్రేక్షకులు రెండింటినీ ఆదరించారు. ఆకర్షణ కేవలం ఆ ఇద్దరు వ్యక్తులలోనే ఉండి ఉంటే ఇది సాధ్యం కాదు. దాని మూలాన్ని సన్నివేశ కల్పనలో వెదకవలసి ఉంటుంది.

విజయా సంస్థ నిర్మించిన ‘మిస్సమ్మ’ (1955) ఇందుకు ప్రధానమైన ఉదాహరణ. రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ హాస్యరచన దీనికి మూలం. జమీందారు పాఠశాలకు పట్టభద్రులైన దంపతులు కావాలి. నిరుద్యోగి అయిన రావు, డేవిడ్‌కు బాకీ తీర్చవలసిన మేరీ భార్యాభర్తలమని చెప్పి కొలువులో చేరుతారు. అంటే ఈ జంటను కలిపింది వలపు కాదు, జీతం. (పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాలలో ‘కుటుంబాలకు మాత్రమే’ అనే అద్దె పలకలను చూసేవారికి ఈ షరతు వింతగా తోచదు.) నలుగురిలో దంపతులు, నాలుగు గోడల మధ్య అపరిచితులు. అందువల్ల జమీందారు ఎదుట వారు పలికే ప్రతి మాటకూ రెండర్థాలు ఏర్పడతాయి. లోకం ఒకటి వింటుంది, ఎదుటి వ్యక్తి మరొకటి వింటాడు. ఆ రెండో అర్థాన్ని ప్రేక్షకుడూ వింటాడు కనుక వారి రహస్యంలో అతడు భాగస్వామి అవుతాడు.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. ఆలంకారికులు చెప్పిన ఈర్ష్యామానం ప్రణయం ఏర్పడిన తరువాతి అవస్థ. ‘మిస్సమ్మ’లో ఈ క్రమం తారుమారైంది. సీతకు రావు సంగీతం నేర్పుతుంటే మేరీకి కోపం వస్తుంది. ఆ కోపం ద్వారానే ఆమెకు తన ప్రేమ తెలుస్తుంది. సావిత్రి ఈ పరిణామాన్ని సంభాషణ కంటే ఎక్కువగా చూపుల మార్పుతో, పెదవి బిగింపుతో ప్రకటించింది. రామారావు నటనలోని ఓర్పు ఆమెకు కావలసినంత చోటు ఇచ్చింది. పరాక్రమ పాత్రల నీడలో ఆయన ఈ నిగ్రహానికి తగిన గుర్తింపు రాలేదనిపిస్తుంది. ఏ.ఎం.రాజా, పి.లీల పాడిన ‘రావోయి చందమామ’ యుగళగీతంలో ఇద్దరూ ఒకరి గురించి ఒకరు చంద్రుడికే ఫిర్యాదు చేసుకుంటారు. నేరుగా మాట్లాడుకోకపోవడంలోనే ఆ పాట సొగసంతా ఉంది.

ఈ కథ బహుభాషా రూపాలు విమర్శకుడికి అరుదైన అవకాశాన్నిస్తాయి. తమిళ ‘మిస్సియమ్మ’లో నాయిక సావిత్రే, నాయకుడు మాత్రం జెమినీ గణేశన్. హిందీ ‘మిస్ మేరీ’ (1957)లో నాయకుడు జెమినీయే, నాయిక మీనాకుమారి. మూడింటికీ దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. ఒక్కొక్క రూపంలో ఒక్కొక్కరు మారినా సన్నివేశ నిర్మాణం చెక్కుచెదరలేదు.

అయితే ఆ నిర్మాణానికి ఒక పరిమితి ఉంది. మతభేదం వారి కలహానికి బలమైన ఆధారం. మేరీ నిజానికి జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలడంతో కథ ఆ భేదాన్ని పరిష్కరించకుండానే తొలగించింది. అంతటితో వారిద్దరి మాటల్లోని పదును కూడా పోయింది. చిత్రం ఆ తరువాత ఎంతోసేపు సాగదు.