గోళీ, స్ట్రైకర్, గాజు: బట్టీ లేకుండా జడత్వ భ్రామకం

ఇంట్లో క్యారమ్ బోర్డు ఉందా? పౌడర్ శుభ్రంగా తుడిచేసి, ఒక వైపు కింద రెండు పుస్తకాలు పెట్టండి. పై నుంచి ఒక గోళీ, ఒక స్ట్రైకర్, ఒక గాజు ఒకేసారి వదలండి. స్ట్రైకర్‌నీ గాజునీ చక్రంలా నిలబెట్టి వదలాలి. తోయొద్దు, ఊరికే వదలండి.

బరువున్నదే ముందు వస్తుందనుకుంటాం. కాదు! ముందు గోళీ, తర్వాత స్ట్రైకర్, చివర్లో గాజు. బరువు, సైజు మార్చి చూడండి, ఆర్డర్ మారదు. మార్చేది ఆకారం ఒక్కటే.

నేను ఇంటర్‌లో ఈ ఫార్ములాల టేబుల్ మొత్తం బట్టీ పట్టా. ఎంట్రన్స్‌లో బోలు గోళం అడిగితే 2/5 పెట్టొచ్చా. అది నిండు గోళానిది. బీటెక్ అయిపోయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మానేశాక కూడా ఆ బిట్ మర్చిపోలేదు. మీకలా జరగకూడదనే ఈ ఎపిసోడ్.

జడత్వ భ్రామకం అంటే, ఒక వస్తువు తిరగడానికి ఎంత మొరాయిస్తుందో చెప్పే లెక్క. ప్రతి చిన్న ముక్క ద్రవ్యరాశినీ, అక్షం నుంచి దాని దూరం స్క్వేర్‌తో గుణించి అన్నీ కూడాలి. అంటే మనకి కావాల్సింది దూరం స్క్వేర్ సగటు. ఇక్కడ అక్షం అన్నిటికీ కేంద్రం గుండానే.

గాజులో ప్రతి ముక్కా ఆర్ దూరంలోనే ఉంది. కాబట్టి ఎం ఆర్ స్క్వేర్. అయిపోయింది.

స్ట్రైకర్‌ని ఉల్లిపాయ చక్రంలా ఊహించుకోండి, రింగులోపల రింగు. కేంద్రం నుంచి బయటికి వెళ్తుంటే వైశాల్యం దూరం స్క్వేర్‌ని బట్టే పెరుగుతుంది. అందుకే దూరం స్క్వేర్ విలువలు సున్నా నుంచి ఆర్ స్క్వేర్ దాకా సమానంగా పరుచుకుంటాయి. సగటు సగం. అంతే, 1/2. నాణేల దొంతర పెడితే సిలిండర్, దానిక్కూడా 1/2. పొడవుతో పని లేదు.

ఇప్పుడు నన్ను దెబ్బ కొట్టిన బోలు గోళం. దాని మీద ఏ బిందువుకైనా ఎక్స్, వై, జెడ్ స్క్వేర్‌ల మొత్తం ఆర్ స్క్వేర్. మూడు దిక్కులూ సమానమే కాబట్టి ఒక్కోదాని సగటు 1/3. అక్షం నుంచి దూరానికి రెండు దిక్కులే లెక్క. సో, 2/3. ఇంటిగ్రేషన్ చెయ్యకుండానే వచ్చేసింది!

నిండు గోళం అంటే ఇలాంటి పొరల కట్ట. లోపలి పొరల వ్యాసార్థం చిన్నది కదా, వాటన్నిటికీ వ్యాసార్థం స్క్వేర్ సగటు తీస్తే 3/5 వస్తుంది (ఇక్కడ మాత్రం చిన్న ఇంటిగ్రేషన్ తప్పదు). 2/3 ఇంటూ 3/5, అంటే 2/5.

మళ్ళీ బోర్డు దగ్గరికి రండి. కిందికి దిగుతుంటే వచ్చే శక్తిలో గాజు సగం తిరగడానికే ఖర్చు పెట్టేస్తుంది. స్ట్రైకర్ మూడో వంతు, గోళీ 7లో 2 వంతులే. అందుకే అదే దూరానికి గాజుకి గోళీ కంటే దాదాపు 20 శాతం ఎక్కువ టైమ్ పడుతుంది. స్లో మోషన్‌లో వీడియో తీయండి, తేడా క్లియర్‌గా కనిపిస్తుంది.

చివరిగా ఒక ప్రశ్న. నిండా నీళ్ళున్న బాటిల్, అలాంటిదే ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన బాటిల్. రెండూ దొర్లిస్తే ఏది ముందు? బాటిల్ తిరిగితే లోపల నీళ్ళు కూడా తిరుగుతాయా అని ఆలోచించి, కామెంట్‌లో పెట్టండి.