అబ్బాసీ విప్లవం - మవాలీల ప్రశ్న

హిజ్రీ రెండవ శతాబ్దపు చరిత్రను తెలుగు చేయటానికి పూనుకున్నప్పుడు నాకు మొట్టమొదట అడ్డుపడిన మాట ‘మవాలీ’. మన వీధుల్లోనూ, సినిమాల్లోనూ ఈ మాటకు ఏ అర్థముందో చెప్పనక్కరలేదు. అరబీలో మాత్రం ఇది ‘మౌలా’ అనే శబ్దానికి బహువచనం. మిత్రుడు, ఆశ్రితుడు, విముక్తి పొందిన బానిస, చివరికి యజమాని కూడా ఆ శబ్దంలో ఇముడుతారు. ఉమయ్యా పాలకుల కాలం నాటికి అరబ్బు కాని ముస్లిములందరికీ అది సామాన్య నామమైపోయింది. చాలా ఏళ్ళ క్రితం ఒక అనువాదంలో నేను తొందరపడి దాన్ని ‘బానిసలు’ అని రాశాను. అది తప్పు. మవాలీల్లో విముక్తులైన బానిసలున్న మాట నిజమే. కాని బానిసత్వం ఎన్నడూ ఎరుగని రైతులు, వర్తకులు, పండితులు వారిలో ఎందరో ఉన్నారు. ఈ ఒక్క మాట తప్పితే క్రీ.శ. 747-750 మధ్య జరిగిన మహా పరివర్తన బానిసల తిరుగుబాటుగా కనబడుతుంది. విశ్వాసంలో సమానులమని విని, పన్నుల చిట్టాలో ఆ సమానత దొరకనివారి ఆక్రోశం అందులో ఉన్నదన్న సంగతి మరుగున పడిపోతుంది.

ఉమయ్యా ఖిలాఫత్ 661 నుంచి 750 వరకు సాగింది. సింధు నుంచి అందలుస్ వరకు దాని ఏలుబడి. ఇస్లాం స్వీకరించిన అరబ్బేతరుడు ఏదో ఒక అరబ్బు తెగకు ఆశ్రితుడుగా చేరవలసి వచ్చేది. సైన్యంలో అతడు తరచు కాల్బలంలోనే ఉండేవాడు. భత్యం అరబ్బు సైనికునితో సమానంగా దొరకటం అరుదు. అన్నిటికంటే పెద్ద చిక్కు పన్ను దగ్గర వచ్చింది. జిజ్యా ముస్లిమేతరులు చెల్లించే పన్ను. ఇస్లాం స్వీకరించినవాని మీద అది ఉండరాదు. ధర్మం ఇంత సూటిగా ఉంది. ఖజానా లెక్క మాత్రం వేరు. వేలకొద్దీ రైతులు ముస్లిములై పొలాలు వదిలి పట్టణాలకు వచ్చేస్తే రాబడి ఎక్కడిది? 694 నుంచి 714 వరకు ఇరాఖ్‌ను పాలించిన హజ్జాజ్ ఇలా బస్రా చేరిన కొత్త ముస్లిములను తిరిగి గ్రామాలకు తరిమించాడు.

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఖలీఫా కాగానే ఈ అన్యాయాన్ని ఆపించారు. ప్రవక్త (స) మార్గం చూపటానికి వచ్చారే గాని పన్నులు వసూలు చేయటానికి కాదన్న భావం ఆయన ఆదేశాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కాని ఆయన పాలన 717 నుంచి 720 వరకే. తరువాతివారు పాత దారినే పట్టారు.

ఖురాసాన్‌లో పరిస్థితి మరింత విచిత్రం. ఆక్రమణ నాటి ఒప్పందం ప్రకారం మర్వ్ ప్రాంతం ఏటా నిర్ణీత మొత్తం చెల్లించాలి. ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలో తేల్చేది స్థానిక పెద్దలు. ఇస్లాం స్వీకరించినవారు అధికంగా సామాన్యులు. వసూలు చేసేవారు పాత మతంలో ఉన్న భూస్వాములు. వారు తమవారిని తప్పించి ఆ బరువును కొత్త ముస్లిముల నెత్తిన పెట్టారు. హి. 121 (క్రీ.శ. 739) ప్రాంతంలో గవర్నర్ నస్ర్ బిన్ సయ్యార్ విచారణ జరిపించగా జిజ్యా కడుతున్న ముస్లిములు 30,000 మంది, కట్టకుండా తప్పించుకున్న ముస్లిమేతరులు 80,000 మంది తేలారని తబరీ రాశాడు. నస్ర్ ఆ లెక్క సరిచేశాడు. సమర్థుడు, చదువుకున్నవాడు. పాపం, ఆలస్యంగా వచ్చాడు.

ఎందుకంటే అప్పటికి ఇరవై ఏళ్ళుగా మరొక పని రహస్యంగా సాగుతున్నది. నేటి జోర్డాన్ దక్షిణాన హుమైమా అనే చిన్న గ్రామం ఉంది. ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) సంతతివారు అక్కడ నివసించేవారు. అక్కడి నుంచి కూఫాకు, కూఫా నుంచి వర్తకుల వేషంలో ఖురాసాన్‌కు దూతలు వెళ్ళేవారు. వారి పిలుపు ఒక్కటే: ముహమ్మద్ (స) కుటుంబంలో అందరికీ సమ్మతమైన వ్యక్తికి విధేయత. ఆ వ్యక్తి ఎవరు? పేరు చెప్పరు.

ఈ పేరు చెప్పకపోవటంలోనే విప్లవం బలమంతా ఉందని నా అభిప్రాయం. పేరు బయటపడితే ఆ మనిషి తల పోతుంది; ఇది ఒక కారణం. రెండవది ఇంతకంటే ముఖ్యం. పిలుపు విన్న ప్రతివాడూ తన మనసులోని పేరుతో ఆ ఖాళీని పూరించుకున్నాడు. హజ్రత్ అలీ (రజి) సంతానాన్ని అభిమానించేవారు వారిలో ఒకరని నమ్మారు. మవాలీలు తమ పన్ను బాధ తీర్చే న్యాయమూర్తిని ఊహించుకున్నారు. సిరియా సైనికుల పెత్తనంతో విసిగిన ఖురాసాన్ అరబ్బులు తమ గౌరవం నిలబెట్టే నాయకుణ్ణి చూసుకున్నారు. 1902లో జర్మన్ పండితుడు వెల్‌హౌజన్ దీన్ని అరబ్బు రాజ్య పతనంగా, ఇరానీయుల విజయంగా చిత్రించాడు. 1970లో షాబాన్ అనే చరిత్రకారుడు అక్కడ స్థిరపడిన అరబ్బులదే ప్రధాన పాత్ర అన్నాడు. ఉద్యమపు పన్నెండుగురు నఖీబుల్లో అధికులు అరబ్బులే కనుక ఈ రెండవ మాటను తోసిపుచ్చలేము. పిలుపు అందరినీ పట్టేంత వెడల్పుగా ఉన్నప్పుడు అది ఏ ఒక్క జాతిదో తేల్చటం వృథా ప్రయాస.

747 జూన్‌లో, రంజాన్ నెల చివర, మర్వ్ సమీపాన అబూ ముస్లిం నల్ల జెండా ఎత్తాడు. అతని పుట్టుపూర్వోత్తరాలు కూడా మసక మసకే. తన అనుచరులకు అతడు తండ్రి పేరు, తెగ పేరు కాక ఊరి పేరుతో గుర్తింపునిచ్చాడు. తెగ లేని మనిషికి ఇది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. మరుసటి ఏడు మర్వ్ లొంగింది. 749 సెప్టెంబరుకు కూఫా చేజిక్కింది.

అక్కడ ఆ ఖాళీని పూరించవలసిన ఘడియ వచ్చింది. కూఫాలో ఉద్యమం నడిపిన అబూ సలమా, వచ్చి చేరిన అబ్బాస్ వంశీయులను కొన్ని వారాలు దాచిపెట్టి, హజ్రత్ అలీ (రజి) సంతతివారికి లేఖలు పంపాడు. ఇమామ్ జాఫర్ సాదిఖ్ (రహ్మ) ఆ లేఖను చదవకుండానే దీపానికి అంటించారని చరిత్రకారుల కథనం. ఇంతలో ఖురాసాన్ సేనానులు అబుల్ అబ్బాస్‌ను వెతికి పట్టుకుని నవంబరులో బైఅత్ చేశారు. 750 జనవరిలో జాబ్ నదీతీరాన ఉమయ్యా సైన్యం ఓడింది. ఫలస్తీన్‌లో అబూ ఫుత్రుస్ నది దగ్గర సుమారు 80 మంది ఉమయ్యా వంశీయులను విందుకు పిలిచి చంపించారని రాశారు. తప్పించుకుపోయిన ఒక యువకుడు, అబ్దుర్రహ్మాన్, 756లో కొర్దోవాను చేజిక్కించుకున్నాడు.

కొత్త పాలకులు తమ రాజ్యాన్ని ‘దౌలా’ అన్నారు. మన ‘దౌలత్’ ఇదే. మూలార్థం తిరగటం, చేతులు మారటం. రోజులు మనుషుల మధ్య మారుతుంటాయని దివ్యఖుర్ఆన్ 3:140లో చెప్పినచోట ఉన్నదీ ఈ ధాతువే. ‘ఇంఖిలాబ్’ కూడా తిరగబడటమే. ఉర్దూలో అది విప్లవం. నేటి అరబీలో సైనిక కుట్రతో ప్రభుత్వాన్ని కూలదోయటం. మన ‘విప్లవ’ శబ్దానికి సంస్కృతంలో ఉపద్రవమని అర్థం. అబ్బాసీల విషయంలో ఈ అర్థాలన్నీ వర్తిస్తాయి.

మవాలీలకు ఏమీ దక్కలేదనటం అన్యాయం. బల్ఖ్‌లోని బౌద్ధ నౌబహార్ (మన ‘నవవిహారం’) అర్చకుల వంశంలో పుట్టిన ఖాలిద్ బిన్ బర్మక్ ఈ ఉద్యమసేనలో పన్నుల లెక్కలు చూశాడు. అతని కుమారుడు, మనుమలు బగ్దాద్‌లో రాజ్యం నడిపారు. అరబ్బు, అరబ్బేతర భేదం క్రమంగా పలుచబడింది. కాని ఉద్యమాన్ని మోసినవారి గతి చూడండి. అబూ సలమా 750లో హతుడయ్యాడు. అబూ ముస్లింను 755లో ఖలీఫా మన్సూర్ తన ఎదుటికి పిలిపించి చంపించాడు. మవాలీ కుటుంబీకులైన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఉమయ్యాల కాలంలో పదవి నిరాకరించి కొరడా దెబ్బలు తిన్నారు. మన్సూర్ ఇవ్వజూపిన ఖాజీ పదవినీ నిరాకరించారు. 767లో బగ్దాద్‌లో మరణించేనాటికి ఆయన ఖైదులో ఉన్నారని జీవితచరిత్రకారులు రాశారు.

762లో మదీనాలో హజ్రత్ హసన్ (రజి) వంశీయుడైన ముహమ్మద్ నఫ్సె జకియ్యా తిరగబడ్డాడు. అతనికీ మన్సూర్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలను తబరీ భద్రపరిచాడు. వాటిని అనువదిస్తుంటే నా కలం ఆగిపోయింది. తన రక్తంలో బానిస స్త్రీల సంబంధం లేదని ముహమ్మద్ గర్వంగా రాశాడు. మన్సూర్ తల్లి బర్బర్ జాతి బానిస స్త్రీ. హజ్రత్ హుసైన్ (రజి) కుమారుడు జైనుల్ ఆబిదీన్ (రహ్మ) తల్లి కూడా బానిసే కదా, మీలో ఆయనను మించినవారెవరని మన్సూర్ బదులిచ్చాడు. ఆ వెంటనే పినతండ్రి వారసత్వం ముందు కుమార్తె సంతతి హక్కు నిలవదని వాదించాడు. మర్వ్‌లో నల్ల జెండా ఎగిరి అప్పటికి పదిహేనేళ్ళు. ఆ ఏడాది డిసెంబరులో ముహమ్మద్ మదీనా దగ్గర హతుడయ్యాడు. బగ్దాద్ నగరానికి పునాదులు పడింది కూడా ఆ సంవత్సరమే.