సర్వరు తన గుట్టు తానే చెబితే?

బొగ్గు గనిలో షిఫ్టు మొదలయ్యే ముందు పనిస్థలాన్ని ఎవరు చూసివస్తారో మీకు తెలుసా? మా గోదావరిఖని పిల్లలను అడిగితే ఠక్కున చెబుతారు, సర్దారు అని! ఆయన మీథేన్ వాయువు ఉన్నదేమో పరీక్షిస్తాడు. కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టి రాయి ఒక విధంగా మోగుతుంది, వదులైన రాయి బోలుగా పలుకుతుంది. చూసినదంతా రిపోర్టు పుస్తకంలో వ్రాస్తాడు. "నిన్న బాగానే ఉన్నది కదా!" అన్న మాట అక్కడ చెల్లదు.

కంప్యూటరులో కూడా ఇటువంటి రిపోర్టు ఒకటి ఉన్నది. దాని అవసరం మాకు ఎలా వచ్చిందో చెబుతాను, వినండి.

ఒక పేరు, మూడు లెక్కలు

మా తొమ్మిదో తరగతి పిల్లలు ఊళ్ళ పేర్లలోని అక్షరాలను లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాము వ్రాశారు. వాడిన భాష పి.హెచ్.పి. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్‌డార్ఫ్ 1994లో దీనికి శ్రీకారం చుట్టాడు. తన వెబ్ పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి వ్రాసుకున్న చిన్న ప్రోగ్రాములే క్రమంగా ఒక భాషగా ఎదిగాయి. మనం చదివే తెలుగు వికీపీడియాను నడిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఈ భాషలో వ్రాసినదే.

"గోదావరిఖని" అన్న పేరులో అక్షరాలెన్ని? గో, దా, వ, రి, ఖ, ని... మొత్తం ఆరు. కాని పిల్లల ప్రోగ్రాము 30 అని చెప్పింది! ఎందువల్ల?

కంప్యూటరు "గో" అన్న అక్షరాన్ని ఒకటిగా దాచుకోదు. "గ" ఒక సంకేతం, దాని మీది ఓత్వం మరొక సంకేతం. ఆ లెక్కన మన ఊరి పేరులో 10 సంకేతాలున్నాయి. ఇంటర్నెట్‌లో వాడే యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 10 × 3 = 30. పిల్లలు వాడిన ఆదేశం బైట్లను లెక్కపెట్టిందన్న మాట!

సంకేతాలను లెక్కపెట్టే ఆదేశం వేరే ఉన్నది. అది 10 అంటుంది. మనం చదివే తీరులో అక్షరాలను లెక్కపెట్టే ఆదేశం మూడవది. దానికి "ఇంటల్" అనే అదనపు భాగం కావాలి. పిల్లలు దానిని వాడగానే తెర మీద 6 ప్రత్యక్షమైంది. అందరూ చప్పట్లు కొట్టారు.

అదే ప్రోగ్రామును పక్క కంప్యూటరులో వేస్తే, "అటువంటి ఆదేశమే లేదు" అన్నది! ఒకరు వైరస్ అన్నారు. ఒకరు కీబోర్డు అన్నారు. ఇంకొకరు ప్రోగ్రామంతా మళ్ళీ వ్రాయడం మొదలుపెట్టారు. "ఊహలు ఆపండి, యంత్రాన్నే అడుగుదాం" అన్నాను.

అడగడం ఎలా?

ఒక ఖాళీ ఫైలు తెరిచి, పి.హెచ్.పి. మొదలైందని తెలిపే గుర్తు వేయండి. తరువాత "పి.హెచ్.పి.ఇన్ఫో" అని వ్రాసి, ఖాళీ బ్రాకెట్లు, సెమికోలన్ పెట్టండి. అంతే, ఒక్క వరుస! ఆ ఫైలును సర్వరు ఫోల్డరులో దాచి, బ్రౌజరు చిరునామా పెట్టెలో "లోకల్‌హోస్ట్" అని కొట్టి, గీత పెట్టి, ఫైలు పేరు వ్రాయండి.

ఫైలు మీద రెండుసార్లు నొక్కితే సరిపోదా? సరిపోదు. బ్రౌజరుకు పి.హెచ్.పి. రాదు, అది వ్రాసినదానిని వ్రాసినట్లే చూపుతుంది. చిరునామా ద్వారా అడిగినప్పుడు సర్వరు ఆ వరుసను నడిపి, జవాబును బ్రౌజరుకు అర్థమయ్యే హెచ్.టి.ఎం.ఎల్. రూపంలో పంపుతుంది. "లోకల్‌హోస్ట్" అంటే "ఈ కంప్యూటరే" అని అర్థం.

ఆ పేజీలో పట్టికలు బారులు తీరి ఉంటాయి. పి.హెచ్.పి. ఎన్నో కూర్పు, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, సర్వరు పేరేమిటి, ఒక ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇస్తారు, ఎంత పెద్ద ఫైలును పంపనిస్తారు... అన్నీ కనబడతాయి. ఉదాహరణకు, ఎవరూ మార్చకపోతే ఫైలు పరిమితి 2 మెగాబైట్లు. పెద్ద ఫోటో ఎందుకు ఎక్కడంలేదో ఇక్కడే తెలిసిపోతుంది.

మేము రెండు కంప్యూటర్ల పేజీలనూ పక్కపక్కన పెట్టి చూశాం. మొదటిదానిలో "ఇంటల్" పట్టిక ఉన్నది, రెండవదానిలో లేదు. దొంగ దొరికాడు!

దానిని సరిచేయడానికి "పి.హెచ్.పి. డాట్ ఇని" అనే ఫైలు తెరవాలి. ఒకే కంప్యూటరులో ఆ పేరుగల ఫైళ్ళు రెండుమూడు ఉండవచ్చు. సర్వరు చదివినది ఏదో కూడా అదే పేజీ చెబుతుంది. అందులో "ఇంటల్" వరుస ముందు సెమికోలన్ ఉన్నది. సెమికోలన్ ఉన్న వరుసను పి.హెచ్.పి. పట్టించుకోదు. దానిని చెరిపి, సర్వరును ఆపి మళ్ళీ నడిపించాం. మొదలయ్యేటప్పుడే అది ఇని ఫైలును చదువుతుంది మరి! ఈసారి రెండవ కంప్యూటరు కూడా 6 అన్నది.

అందరికీ చెప్పవచ్చునా?

గనిలో సర్దారు రిపోర్టును నలుగురు చూస్తే మేలే తప్ప కీడు లేదు. సర్వరు రిపోర్టు సంగతి అలా కాదు. ఆ పేజీ ఎవరు అడిగినా చెబుతుంది, అడిగినవాడు మంచివాడా చెడ్డవాడా అని చూడదు. ఉదాహరణకు, పి.హెచ్.పి. 7.4 కూర్పుకు భద్రతా సవరణలు 2022 నవంబరుతో ఆగిపోయాయి. ఒక సర్వరు ఇంకా దానితోనే నడుస్తున్నదని తెలిస్తే, ఏ తలుపు తట్టాలో దొంగకు తెలిసినట్లే. కొందరు సర్వరు పరిసర వివరాలలో రహస్య పదాలు కూడా ఉంచుతారు. ఆ పేజీలో అవీ బయటపడతాయి.

నేను కూడా ఒకసారి ఒక వెబ్‌సైటును సరిచేస్తూ ఈ పేజీని పెట్టి, పని అయ్యాక తీసివేయడం మరచిపోయాను. గుర్తువచ్చేసరికి కొన్ని నెలలు గడిచాయి. ఏ నష్టమూ జరగకపోవడం నా తెలివి కాదు, అదృష్టం. అప్పటినుంచి నాకొక నియమం: అడగాలి, చదవాలి, వెంటనే చెరపాలి.

మరొక ఉపాయం కూడా ఉన్నది. ఖాళీ బ్రాకెట్లలో 1 వేస్తే సాధారణ వివరాలు మాత్రమే వస్తాయి. 8 వేస్తే అదనపు భాగాల పట్టికలు మాత్రమే వస్తాయి. రెండూ కావాలంటే? 1 + 8 = 9 వేయాలి! మిగతా విభాగాల సంఖ్యలు 2, 4, 16, 32, 64. ఏ రెండింటిని కూడినా మరొక విభాగం సంఖ్య రాదు, కనుక కంప్యూటరు తికమకపడదు. ఎందుకలా అన్నది మీ లెక్కల మాస్టారుతో చర్చించండి.

మీ బడిలో కంప్యూటరు ఉంటే, ఉపాధ్యాయుల అనుమతితో ఈ ప్రయోగం చేయండి. మీ ఊరి పేరులో బైట్లెన్ని, సంకేతాలెన్ని, అక్షరాలెన్ని? ముందు కాగితం మీద లెక్కకట్టి, తరువాత యంత్రాన్ని అడగండి. ఇంటికి వెళ్ళేముందు ఆ రిపోర్టు ఫైలును చెరపడం మాత్రం మరచిపోకండి!