ఉంగా అంటే ఊఁ అనాలి

ఒడిశాలోని రామనగుడ చుట్టుపక్కల పసిబిడ్డ చెవిన పడేది ఒక్క భాష కాదు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, ఇరుగుపొరుగున సవరో కువియో. మాటలు ఆలస్యమవుతాయేమోనని తల్లులు బెంగపడతారు. ఎన్ని భాషలున్నా ఫరవాలేదు. బిడ్డ పలకరిస్తే ఎదురు పలికే మనిషి ఉండాలి.

రెండు నెలల లోపే బిడ్డ మన మొహం చూసి నవ్వుతుంది. ఆపైన ఉంగాలు. ఒడిలో పాపను గమనించండి: “ఉంగా” అని ఆగి, అమ్మ పెదవుల వంకే చూస్తుంది. “అవునా తల్లీ!” అంటే చాలు, కాళ్లాడించి మళ్లీ అందుకుంటుంది. వంతులేసుకుని మాట్లాడటం అక్కడే మొదలు. 1978లో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ బృందం తల్లుల్ని కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోమంది. పసివాళ్లు నవ్వి చూశారు, మళ్లీ మళ్లీ పిలిచి చూశారు, చివరికి మొహం తిప్పేసుకున్నారు.

ఫోన్ చేతికిస్తే మాటలొస్తాయనుకునేవారు ఒక ఫలితం చూడాలి. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికా పిల్లలకు 12 విడతలు చైనా భాష వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషి దగ్గర ఆ ధ్వనులు పట్టుకున్నారు. టీవీలో చూసినవారికి ఏమీ అంటలేదు.

మనకు దగ్గరి లెక్క ఒడిశా పల్లెలదే. 2020లో వెలువడిన ఆ అధ్యయనంలో 192 ఊళ్లు, 1,400 మందికి పైగా తల్లీబిడ్డలు. కొన్ని ఊళ్లలో కార్యకర్త వారం వారం ఇంటికెళ్లి ఆటలు, మాటలు చూపించింది. కొన్ని ఊళ్లలో తల్లుల్ని ఒకచోట కూర్చోబెట్టి అవే చూపించింది. రెండేళ్లకు రెండుచోట్లా పిల్లల తెలివి దాదాపు సమానంగా పెరిగింది. ఖర్చులోనే తేడా అంతా: ఇంటింటికీ వెళితే బిడ్డకు ఏడాదికి 135 డాలర్లు, గుంపుగా అయితే 38.

అంగన్‌వాడీలో ఆటపాటల చదువు మూడేళ్లు నిండాకే. అంతవరకు బిడ్డకు ముఖ్యంగా అందేది ఛతువా (పోషక పిండి) పొట్లం, తూకం, టీకా. మెదడు అతివేగంగా పెరిగే వయసును ఇలా వదిలేయడం అన్యాయం. కేంద్రం 2024లో మూడేళ్లలోపు పిల్లల ఆటపాటల కోసం ‘నవచేతన’ ప్రణాళిక తెచ్చింది. దాన్ని పల్లెకు దించాలి. ఛతువా పంచే రోజు తల్లులు ఎలాగూ వస్తారు, ఓ అరగంట కూర్చోబెట్టవచ్చు. వారం వారం జరగాలంటే ఆ ఒక్క రోజు చాలదు, కార్యకర్తకు అదనపు భత్యం ఇవ్వాలి. దోబూచులాట సవర తల్లికి సవరలో, తెలుగు తల్లికి తెలుగులో చూపించాలి.