సముద్రతీర గోల్ఫుయాత్ర – ఇల్లాలి ఆలోచన

యాత్ర యనగా మన పెద్దలకు కాశియో, రామేశ్వరమో, తిరుపతియో. ముందుగా ముడుపు కట్టి, పంచాంగము చూచి, ఇల్లెవరికి అప్పగింపవలెనో యోచించి, అటుకులు, పచ్చళ్లు మూటగట్టుకొని బయలుదేరెడివారు. నేడు మాదాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములందలి యిండ్లలో మరియొక యాత్రను గూర్చిన ముచ్చటలు వినవచ్చుచున్నవి. అది గోల్ఫుయాత్ర. సముద్రపుటొడ్డున ప్రసిద్ధికెక్కిన మైదానములకు పోయి, అచ్చట నాలుగుదినము లాడి రావలెనని కంప్యూటరు సంస్థలలో పనిచేయువారు ఉబలాటపడుచున్నారు.

తీర్థయాత్రకు ఆలుమగలు కలిసి పోవుట మన ఆచారము. కొంగులు ముడివేసికొని మునిగిననే ఫలమని నమ్మిక. ఈ క్రొత్తయాత్రకు మాత్రము తరచుగా మగవారు నలుగురు జట్టుకట్టి పోవుదురు. ఇల్లాలు పెట్టె సర్దియిచ్చి గుమ్మముకడ నిలిచిపోవును. ఆమెయు ఉద్యోగము చేయుచు సమానముగా ఆర్జించు నిండ్లలో సైతము ఇట్లే జరుగుచున్నది. యాత్రకగు ధనము ఒక్కరిది కాదు, సెలవుదినములు ఒక్కరివి కావు. కావున ఆలోచనయు ఇంటిల్లిపాదిది కావలెనని మా అభిప్రాయము. ఆ యాలోచనకు ఉపకరించు విషయములను సోదరీమణుల ముందుంచుచున్నాము.

ఈ ప్రాంతమున గోల్ఫు ఎట్లు వేళ్లూనెనో ముందు చూతము. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. అంతకు పూర్వము అది రాతిగుట్టలు గల పల్లెసీమ. సంస్థలు వచ్చినవి, వానితో పాటు అమెరికా, ఇంగ్లండు దేశములతో రాకపోకలు పెరిగినవి. అచ్చట ఈ యాటను చూచివచ్చినవారు ఇచ్చటను ఆడగోరిరి. గచ్చిబౌలి చెంత బౌల్డర్ హిల్స్ అను మైదానము ఆ రాతిగుండ్ల నడుమనే అమరియున్నది. గోలకొండకోటకు చేరిన నయాఖిలాలో హైదరాబాదు గోల్ఫు అసోసియేషనువారి మైదానము గలదు. హతియాన్ కా ఝాడ్ అని పేరొందిన బ్రహ్మాండమైన బావోబాబ్ వృక్షము కూడ ఆ కోటయావరణముననే యున్నది. ఇంత పచ్చిక మన యూరనే యుండగా సముద్రతీరమునకు పోవుట యెందులకని మీరడుగవచ్చును.

దానికి ఆట స్వభావము తెలియవలెను. ఇంచుమించు 46 గ్రాముల బరువుగల చిన్నబంతిని కర్రతో కొట్టి, దూరముననున్న 4.25 అంగుళముల వెడల్పుగల గుంతలో పడవేయుటయే గోల్ఫు. ఇట్టి గుంతలు 18. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిదే గెలుపు. సంచిలో 14 కర్రలకు మించి యుండరాదు. ఒక్క ఆటకు నాలుగుగంటలైనను పట్టును. ఏడెనిమిది కిలోమీటర్ల నడక దానంతట అదే జరుగును.

ఈ యాట పెరిగి పెద్దయైనది స్కాట్లండు సముద్రతీరమున. సేద్యమునకు కొరగాని ఇసుకనేల, దానిపై పొట్టిగడ్డి, చెట్టులేని బయలు – ఇట్టి భూమిని అక్కడివారు లింక్సు అందురు. అచ్చట ఆటగానికి అసలు ప్రతికక్షి గాలియే. ఉదయమున సులువుగా దాటిన దూరము సాయంకాలమున ఎదురుగాలిలో దాట శక్యము కాదు. మన యూరి మైదానములలో నేర్చిన నేర్పు ఉప్పుగాలిలో ఎంతవరకు నిలుచునో చూచుకొనవలెనను కోరికయే ఆటగాండ్రను అచ్చటికి లాగుచున్నది. ఆ కోరికను మేము తప్పుపట్టము. అది మగవానికే యుండవలెననుటను మాత్రము ఒప్పుకొనము.

ఇచ్చట కొంత చరిత్ర చెప్పవలసియున్నది. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణమున 1754లో ఏర్పడిన గోల్ఫు సంఘము కాలక్రమమున ఈ యాటకు ధర్మశాస్త్రము వ్రాయు పీఠమైనది. ఆ యూరి స్త్రీలు ఆడగోరినప్పుడు, భుజమునకు పైగా చేతులెత్తి బంతిని మోదుట ఆడువారికి తగదని నాటివారు తలచిరి. గుంతకు చేరువను బంతిని మెల్లగా దొర్లించుటకు మాత్రము ఎగుడుదిగుడుగానున్న చిన్నపచ్చిక నొకదానిని వారికి విడిచిరి. 1867లో స్త్రీలు దానిపైననే తమ సంఘమును స్థాపించుకొనిరి. ఆ పచ్చికలోని మిట్టపల్లములను బట్టి దానికి హిమాలయములని పేరు వచ్చినది! వారు ఇచ్చిన మూరెడు నేలను వదలుకొనలేదు. ఆ సంఘము నేటికిని నడచుచున్నది. పురుషుల సంఘము మాత్రము స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు 2014 సెప్టెంబరులోగాని సమ్మతింపలేదు. 260 సంవత్సరములు పట్టినవన్నమాట. ఈలోపలనే, 2007లో, స్త్రీల బ్రిటిషు ఓపెను పోటీ ఆ యూరి ప్రాచీనమైదానమైన ఓల్డ్ కోర్సుపై మొదటిసారి జరిగినది. మెక్సికో యువతి లొరేనా ఒచోవా గెలిచినది.

అమెరికాలో మేరియన్ హాలిన్స్ అను వనిత 1921లో ఆ దేశపు స్త్రీల అమెచ్యూరు పోటీని గెలిచినది. కాలిఫోర్నియా తీరమున సైప్రస్ పాయింట్ అను మైదానమును నిర్మించుటకు పూనుకొన్నదియు ఆమెయే. అందులో 16వ గుంతకు సముద్రముమీదుగా బంతిని కొట్టవలెను. అంతదూరము దాటించుట కష్టమని మొదటి శిల్పి సందేహింపగా, ఆమె అక్కడికక్కడే బంతి నిలిపి ఆవలియొడ్డున పడునట్లు కొట్టినదని తరువాత ఆ మైదానమును తీర్చిన శిల్పి మెకంజీ వ్రాసియున్నాడు. మన దేశము మాటకు వచ్చిన, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో బెంగుళూరు యువతి అదితి అశోక్ నాలుగవస్థానమున నిలిచినది. ఒక్క దెబ్బలో కాంస్యపతకము తప్పిపోయినది. ఆ పోటీలో కర్రలసంచి మోసి కూతురి వెంట నడచినది ఆమె తల్లి. బిడ్డను ఆటకు పంపి ఇంట నిలిచిపోక మైదానమంతయు తోడు నడచిన ఆ మాతృమూర్తిని మనము మరువరాదు.

ఇక యాత్రకు వత్తము. మా సలహా యేమనగా, దగ్గరి సముద్రము చూడక దూరపుసముద్రమునకు పరుగిడరాదు. విశాఖపట్టణమున తీరమునకు చేరువను ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బువారి 18 గుంతల మైదానము గలదు. సికింద్రాబాదునుండి వందేభారత్ రైలు 2023 జనవరి నుండి నడచుచున్నది. ఎనిమిదిన్నర గంటలలో చేర్చును. సాయంకాలమున గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినచో తెల్లవారుసరికి విశాఖ. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరపు చెట్లను నేలగూల్చిన సంగతి మనకందరకు తెలియును. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు వాతావరణము హాయిగానుండును. రెండుదినముల సెలవుతో తీరిపోవు యాత్ర ఇది. ఎదురుగాలిలో ఆట యెట్లుండునో, ఎండలో నడక మీకు సరిపడునో లేదో తక్కువ వ్యయముతోనే తెలియును. బయటివారిని ఆడనిత్తురో, రుసుమెంతయో ముందుగా వ్రాసి కనుగొనుడు.

రెండవమెట్టు మారిషస్ ద్వీపము. అచ్చట ఇల్ ఓ సెర్ఫ్ అను చిన్నదీవిపై జర్మను ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ రూపొందించిన మైదానమున్నది, పడవపై చేరవలెను. ముంబాయి మీదుగా విమానములు గలవు. భారతీయులు ముందుగా వీసా సంపాదింపనక్కరలేదు. తుపానుల కాలము గడచిన మే నెలలో పోయినచో పిల్లల వేసవిసెలవులును కలిసివచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున మన కోరంగిరేవునుండి చెరకుతోటల పనికై ఆ దీవికి పోయిన తెలుగువారి సంతతి నేటికిని అచ్చట ఉగాది చేసికొనుచున్నారు. ఉగాది అచ్చట ప్రభుత్వసెలవుదినము. భర్త ఆడుచుండగా సముద్రపుటొడ్డున ఒంటరిగా కూర్చుండనేల? మన మాట, మన పండుగ నిలుపుకొన్నవారి యూళ్లను చూచిరావచ్చును.

మూడవది సెంట్ ఆండ్రూస్. హైదరాబాదునుండి లండనునకు నేరుగా విమానము గలదు. అచ్చటినుండి ఎడింబరో, పిమ్మట గంటసేపు రైలుప్రయాణముతో లూకర్స్ స్టేషను. జూను నెలలో రాత్రి పదిగంటలవరకు వెలుతురుండును. ఓల్డ్ కోర్సుపై ఆడుటకు కొందరు ముందటి సంవత్సరమే స్థలము నిర్ణయించుకొందురు. తక్కినవారు ఆటకు రెండుదినములముందు చీట్లలో తమ పేర్లు వేయవలెను, అదృష్టముండిన వచ్చును. ఆట నేర్పునకు ప్రమాణమైన హ్యాండికాప్ పత్రము వెంట నుండవలెను. రుసుము ఒక్కొక్కరికి 300 పౌండ్లకు పైబడును. అయితే ఒక్క సంగతి మగవారు చెప్పరు. సాధారణముగా ఆదివారములందు ఓల్డ్ కోర్సుపై ఆట లేదు. ఆనాడు అది ఊరివారందరును తిరుగాడు పచ్చికబయలు. ఏమియు చెల్లింపకయే, ప్రపంచప్రసిద్ధమైన ఆ చిన్న రాతివంతెనపై మీరు నిలువవచ్చును. హిమాలయములని చెప్పితిమే, ఆ స్త్రీల పచ్చికపై స్వల్పరుసుముతో ఎవరైనను ఆడవచ్చును. ఎన్నడును కర్ర పట్టనివారికిని, పిల్లలకును తగినది. కాబట్టి వారమును నిర్ణయించునప్పుడు ఆదివారము అందులో పడునట్లు చూచుకొనుడు.

నాలుగవది పెబుల్ బీచ్. ఇది 1919లో కాలిఫోర్నియా తీరమున వెలసినది. మన తెలుగుబిడ్డలనేకులు కాపురమున్న శాన్ హోసే నగరమునుండి కారుపై రెండుగంటల లోపే చేరవచ్చును. కొడుకునో కూతురినో చూడబోవు తలిదండ్రులకు ఇది అనుకూలము. రుసుము 600 డాలర్లకు పైమాటే. అచ్చటి విడిదిలో దిగినవారికే ముందుగా ఆటవేళ దొరకును. ఇతరులు 24 గంటలముందుగాని అడుగరాదు. విడిది వ్యయము అదనమని గ్రహింపుడు. ఆడకున్నను, పదిహేడుమైళ్ల రహదారియని ప్రసిద్ధమైన సముద్రతీరపుబాట వెంబడి కారుకు కొలదిరుసుము చెల్లించి పోవచ్చును. అమెరికా కాన్సులేటు 2023 మార్చినుండి మన నానక్‌రామ్‌గూడలోనే యున్నది గాని వీసాకై చాలకాలము వేచియుండవలసి వచ్చును. కావున వీసా చేతికి రాకమునుపు సొమ్ము తిరిగిరాని టిక్కెట్లు కొనరాదు.

ఇక లెక్క. ఒక కాగితముపై రెండు వరుసలు గీయుడు. మొదటివరుసలో ఆటవ్యయము: విమానము, విడిది, మైదానపు రుసుము, క్యాడీకి కూలి, కర్రలసంచికి విమానమువారు పుచ్చుకొను అదనపుసొమ్ము, ఆరోగ్యబీమా. కర్రలు మోసికొనిపోవుటకన్న అచ్చట అద్దెకు తీసికొనుట చౌకయా యని విచారింపుడు. రెండవవరుసలో ఇంటివ్యయము: అత్తమామలకు తోడుండు మనిషి, మందులు, పిల్లల పరీక్షలు, పాలు, పనిమనిషి. ఈ రెండవవరుస సామాన్యముగా ఎవరును వ్రాయరు, ఏలయనగా దానిని ఇల్లాలు ఉచితముగా మోయుచున్నది. వ్రాసి చూపిననాడే యాత్ర నిజమైన వెల తెలియును. అప్పు చేసి ఆడవలసిన ఆట ఏదియు లేదు. ఈ యేడు విశాఖతో సరిపెట్టుకొని, దూరపుయాత్రకు నెలనెలా కొంత దాచుకొనుట మేలు.

మీరును ఆడదలచినచో ఆరునెలలు ముందుగా ఆరంభింపుడు. హైదరాబాదులో నేర్పువారు గలరు. వారమునకు రెండుమార్లు ఉదయపుటెండ ముదురకమునుపు అభ్యాసము చేసిన చాలును. ప్రతిదినము గంటసేపు నడక అలవరచుకొనుడు. చీరతో ఈ యాట కష్టము. కాలరుగల చొక్కాయు, పంట్లామును, పట్టుగల బూట్లును ధరింపవలెను. తీరపుగాలిలో వాన ఎప్పుడు పడునో తెలియదు గావున వానకోటు, ఎండకు టోపీ మరువరాదు. ఆడనిష్టము లేనివారు సిగ్గుపడనక్కరలేదు. ఆటగానితో పాటు నడచుటయు, గాలి యెటువైపునుండి వీచుచున్నదో కనిపెట్టుటయు, బంతి పడినచోటు గుర్తుంచుకొనుటయు ఆటలో భాగమే.

సోదరీమణులారా! ఒకనాడు స్త్రీలకు మూరెడు పచ్చికనిచ్చి ఇంతే చాలునన్నారు. వారు దానిపై నిలిచి, పిమ్మట మైదానమంతయు తమదిగా చేసికొనిరి. మన యిండ్లలో ఆ మూరెడుపచ్చిక భోజనపుబల్లమీది లెక్కకాగితము. ఈ మారు యాత్రమాట వచ్చినప్పుడు పెట్టె తీయుటకు లేవకుడు. కలము తీసికొని కూర్చుండుడు. ఎన్ని టిక్కెట్లు కొనవలెనో తేల్చిన తరువాతనే పెట్టెలు ఎన్నియో తేలును.